చెవి కింద గడ్డ.. ఆపరేషన్ చేయిస్తే మూతి వంకర పోతుందా? సర్జన్లు ముందుగా వెతికే ఆ ఒక్క నరం సంగతేంటి?

చెవి తమ్మె కింద, దవడ మలుపు దగ్గర చిన్న గడ్డ. నొప్పి లేదు, జ్వరం లేదు. అద్దంలో చూసుకుంటే ఒక పక్క చెంప కాస్త ఉబ్బినట్టు ఉంటుంది, అంతే. పెద్దారవీడు, దోర్నాల, త్రిపురాంతకం, మార్కాపురం వైపు పల్లెల్లో ఇలాంటిది కనిపిస్తే ముందుగా వినిపించే మాట 'గవద బిళ్లలు'. పసుపు పట్టు వేస్తారు. నాలుగు రోజులు చూద్దాంలే అనుకుంటారు. ఆ నాలుగు రోజులు కాస్తా నాలుగేళ్లు అయినవాళ్లూ ఉంటారు. చివరికి టౌన్‌లో డాక్టర్ చూసి 'ఆపరేషన్ చేసి తీసేయాలి' అనగానే ఇంట్లో అందరి నోటా ఒకటే ప్రశ్న.. 'మూతి వంకర పోతుందంట కదా?'

ఈ భయం ఉత్తిదేం కాదు. అలాగని విన్నదంతా నిజమూ కాదు. ఆ గడ్డ ఉన్న చోటులోంచే ముఖాన్ని కదిలించే నరం వెళ్తుంది. పైగా ఆ నరం దారి అందరిలో ఒకేలా ఉండదు. ఈ ఒక్క కారణంతోనే ఈ ఆపరేషన్‌కు ఇంత పేరు, ఇంత భయం. అసలు అక్కడ ఏముంది? డాక్టర్లు ఆ నరాన్ని ఎలా కాపాడతారు? ఎప్పుడు వంకర వస్తుంది, వస్తే పోతుందా?

చెవి కింద ఉన్నది ఏంటి?

నోట్లో ఊరే లాలాజలం ఎక్కువగా మూడు జతల గ్రంథుల నుంచి వస్తుంది. చెవి ముందు, చెవి కింద ఉండేది పెరోటిడ్. మూడింట్లో ఇదే పెద్దది. దవడ ఎముక కింద అధోజంభిక గ్రంథి, నాలుక కింద అధోజిహ్విక గ్రంథి ఉంటాయి. స్కూల్ సైన్స్ పుస్తకంలో చదివిన పేర్లే ఇవి. పెరోటిడ్ నుంచి ఒక సన్నని గొట్టం చెంప లోపలికి వెళ్లి, పై వరుసలో రెండో దవడ పన్ను ఎదురుగా తెరుచుకుంటుంది. నాలుకతో అక్కడ తడిమితే చిన్న బుడిపెలా తగులుతుంది. చింతకాయ పేరు చెప్పగానే నోరూరేది ఈ దారిలోనే.

గవద బిళ్లలు అంటే వైరస్ వల్ల ఈ పెరోటిడ్ వాచిపోవడం. ఎక్కువగా పిల్లల్లో వస్తుంది. జ్వరం, నొప్పి ఉంటాయి, చాలాసార్లు రెండు వైపులా వాస్తుంది, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. గడ్డ సంగతి వేరు. ఒకే వైపు, నొప్పి లేకుండా, గట్టిగా, నెలల తరబడి మెల్లగా పెరుగుతూ ఉంటుంది. రెండు మూడు వారాలు దాటినా వాపు అలాగే ఉందంటే అది గవద బిళ్లలు కాదేమో అని అనుమానించాల్సిందే.

లాలాజల గ్రంథుల గడ్డల గురించి మెడికల్ స్టూడెంట్లు ఒక లెక్క గుర్తుపెట్టుకుంటారు. వచ్చే గడ్డల్లో సుమారు 80 శాతం పెరోటిడ్‌లోనే వస్తాయి. పెరోటిడ్‌లో వచ్చేవాటిలో సుమారు 80 శాతం క్యాన్సర్ కానివి. వాటిలోనూ ఎక్కువ భాగం ప్లియోమార్ఫిక్ అడినోమా అనే రకం. బీడీ, సిగరెట్ తాగే పెద్ద వయసు మగవాళ్లలో ఎక్కువగా కనిపించే వార్తిన్ ట్యూమర్ అనే రకం ఇంకోటి ఉంది. అదీ క్యాన్సర్ కాదు.

మరి క్యాన్సర్ కానప్పుడు తీయడం ఎందుకు? ఊళ్లో చాలామంది అడిగేది ఇదే. ప్లియోమార్ఫిక్ అడినోమా తనంతట తాను కరగదు. మందులకు తగ్గదు. ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది, ఎంత కాలం ఉంటే ఆ ముప్పు అంత పెరుగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. నిమ్మకాయంత గడ్డ పక్కనుంచి నరాన్ని విడదీయడం వేరు, కొబ్బరికాయంత అయ్యాక విడదీయడం వేరు. 'మూతి వంకర పోతుంది' అనే భయంతో వాయిదా వేసేకొద్దీ ఆపరేషన్ కష్టమవుతుంది. అంటే ఏ ముప్పుకు భయపడి ఆగారో ఆ ముప్పే పెరుగుతుంది.

వెలిగొండ సొరంగం లాంటి దారి

ముఖాన్ని కదిలించే ఈ నరాన్ని ఫేషియల్ నర్వ్ అంటారు. మెదడు నుంచి నేరుగా బయల్దేరే 12 జతల నరాల్లో ఇది ఏడోది. నవ్వడం, కన్ను మూయడం, నుదురు ముడవడం, ఈల వేయడం, బుగ్గ పూరించడం.. అన్నీ దీని పనే. నమలడం మాత్రం దీని పని కాదు, దానికి వేరే నరం ఉంది. అందుకే ఈ నరం దెబ్బతిన్నా అన్నం నమలగలుగుతారు, కాకపోతే మెతుకులు బుగ్గలో చిక్కుకుంటాయి, నీళ్లు మూతి పక్కనుంచి కారతాయి.

పశ్చిమ ప్రకాశం జనానికి ఈ నరం దారి గురించి చెప్పాలంటే వెలిగొండ ప్రాజెక్టును గుర్తు చేస్తే చాలు. శ్రీశైలం నీళ్లు నల్లమల కొండ కింద 18.8 కిలోమీటర్ల సొరంగాల్లో వచ్చి, దోర్నాల మండలం కొత్తూరు దగ్గర బయటపడేలా దాన్ని డిజైన్ చేశారు. కాల్వల సంగతంతా ఆ తర్వాతే. ఈ నరమూ అంతే. మెదడు నుంచి వచ్చి, చెవి వెనక గట్టి ఎముకలో సుమారు 3 సెంటీమీటర్ల సొరంగంలో మెలికలు తిరుగుతూ వెళ్తుంది. ఎముక లోపల ఇంత దూరం ప్రయాణించే నరం ఒంట్లో ఇంకోటి లేదు. చెవి కింద ఒక చిన్న రంధ్రంలోంచి బయటపడి, నేరుగా పెరోటిడ్ గ్రంథిలోకి దూరిపోతుంది. అక్కడే కాల్వల్లా చీలుతుంది.

ఒక్కోసారి ఆ ఎముక సొరంగంలోనే నరం ఉబ్బి నొక్కుకుపోతుంది. రాత్రి బాగానే పడుకున్న మనిషి పొద్దున్నే లేచేసరికి మూతి ఒక పక్కకు లాగేసి ఉంటుంది. అదే బెల్స్ పాల్సీ. 1821లో ముఖం నరాల గురించి రాసిన స్కాట్లాండ్ సర్జన్ చార్లెస్ బెల్ పేరు మీద ఈ పేరు వచ్చింది. దీనికీ గడ్డకూ సంబంధం లేదు, దీనికి ఆపరేషన్ కూడా అక్కర్లేదు. మొదటి మూడు రోజుల్లో డాక్టర్ దగ్గరకు వెళ్తే స్టెరాయిడ్ మాత్రలు బాగా పనిచేస్తాయి. అయితే మూతి వంకరతో పాటు చెయ్యి, కాలు లాగడం, మాట తడబడటం ఉంటే అది పక్షవాతం కావచ్చు. పక్షవాతంలో సాధారణంగా నుదురు ముడవగలుగుతారు, కింది ముఖమే వాలుతుంది. అనుమానం ఉంటే ఇంట్లో పరీక్షలు పెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇక్కడో చిత్రమైన సంగతి. ఫేషియల్ నర్వ్ పెరోటిడ్ గ్రంథి మధ్యలోంచే వెళ్తుంది కానీ, ఆ గ్రంథిలో లాలాజలం ఊరడానికి దీనికీ ఏ సంబంధం లేదు. ఆ పని తొమ్మిదో నరానిది. దవడ కింద, నాలుక కింద ఉండే మిగతా రెండు గ్రంథులకు మాత్రం ఇదే ఆధారం. అంటే ఏ ఇంట్లోంచి దారి ఉందో ఆ ఇంటికి చుట్టం కాదు, దూరపు ఇళ్లకు మాత్రం చుట్టం!

ఐదు కొమ్మలు, ఐదు పనులు

గ్రంథిలోకి వెళ్లిన నరం మొదలు 2, 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ముందుగా రెండు పాయలవుతుంది, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఆ చీలే చోటును పాతకాలం వైద్యులు బాతు పాదంతో పోల్చారు, లాటిన్‌లో ఆ అర్థం వచ్చే పేరే ఇప్పటికీ వాడుతున్నారు. ఆ రెండు పాయల నుంచి ఐదు కొమ్మలు విసనకర్రలా ముఖం మీదికి విచ్చుకుంటాయి. అన్నిటికంటే పైది నుదురు ఎత్తేది. దాని కింద కన్ను మూసేది. మధ్యలో బుగ్గ, పై పెదవి కదిలించేవి. దవడ అంచు వెంట వెళ్లి కింది పెదవిని కిందికి లాగేది మార్జినల్ మాండిబ్యులర్. అడుగున ఉన్నది మెడ చర్మం కింది కండరానికి వెళ్తుంది.

ఈ విసనకర్ర పెరోటిడ్‌ను రెండుగా చీల్చుతుంది. నరానికి పైన ఉన్నది పై భాగం, కింద ఉన్నది లోపలి భాగం. గ్రంథిలో సుమారు 80 శాతం పైనే ఉంటుంది, గడ్డలు కూడా ఎక్కువగా అక్కడే వస్తాయి. మార్కాపురం పలకల పని చూసినవాళ్లకు తెలుసు, రాయి పొరలు పొరలుగా దానంతట అదే విడిపోతుంది. పెరోటిడ్‌లో అలాంటి పొర ఏదీ లేదు. పై భాగానికీ కింది భాగానికీ మధ్య గీత అంటూ ఉంటే అది నరమే. దాన్ని చూసుకుంటూ దాని మీద నుంచి గ్రంథిని ఒలవాలి. అందుకే పైకి చిన్నగా కనిపించే గడ్డకు కూడా రెండు మూడు గంటల ఆపరేషన్ పడుతుంది. 'ఇంత గడ్డకు ఇంత పెద్ద కోతా?' అని చెవి ముందు నుంచి మెడ దాకా ఉన్న కుట్లు చూసి ఇంట్లోవాళ్లు కంగారు పడుతుంటారు. ఆ కోత గడ్డ కోసం కాదు, నరం కనపడటం కోసం.

అసలు చిక్కు ఇక్కడే.. అందరికీ ఒకేలా ఉండదు

పుస్తకంలో బొమ్మ ఒకటే. మనుషుల్లో మాత్రం ఆ బొమ్మ మారిపోతుంది. 1956లో అమెరికాలో డేవిస్, ఆయన సహచరులు 350 ముఖార్ధాలను, అంటే ముఖంలో ఒక్కో పక్కను, కోసి పరిశీలించారు. నరం కొమ్మలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తున్నాయో చూసి ఆరు రకాలుగా విడగొట్టారు. సర్జన్లు ఇప్పటికీ ఆ ఆరు రకాల లెక్కే చెప్పుకుంటారు.

వాళ్లు చూసినవాటిలో 13 శాతంలో కొమ్మల మధ్య కలయికలే లేవు. ఏ కొమ్మకు ఆ కొమ్మే. మిగతావాటిలో ఎక్కడో ఒకచోట లింకులు ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన మూడో రకం 28 శాతం. కింది పెదవికి వెళ్లే మార్జినల్ కొమ్మ బుగ్గ కొమ్మతో కలిసింది మాత్రం ఆరో రకంలోనే, అదీ 6 శాతంలో.

ఈ అంకెలతో రోగికి పనేంటి? చాలా ఉంది. రైతులకు కరెంటు లెక్కలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. రెండు ఫీడర్లతో లింకు ఉన్న ఊళ్లో ఒక లైను తెగినా రెండో వైపు నుంచి సప్లై ఇస్తారు. ఒక్క లైనే ఉన్న ఊళ్లో అది తెగితే చీకటే. బుగ్గ దగ్గర కొమ్మలకు లింకులు ఎక్కువ. అక్కడ ఒక సన్నని పోగు దెబ్బతిన్నా చాలాసార్లు పైకి ఏమీ తెలియదు, పక్క కొమ్మ పని నడిపిస్తుంది. నుదురు కొమ్మకు, కింది పెదవి కొమ్మకు ఆ వెసులుబాటు తక్కువ. వాటికి చిన్న దెబ్బ తగిలినా వెంటనే కనిపిస్తుంది. పెరోటిడ్ ఆపరేషన్ తర్వాత ఎక్కువగా వినిపించే ఫిర్యాదు 'నవ్వితే కింది పెదవి ఒక పక్క కిందికి రావట్లేదు' అనేదే. దాని వెనక ఉన్న కారణం ఇదే.

తేడాలు అక్కడితో ఆగవు. కొందరిలో మొదలే రెండుగా ఉంటుంది. 1987లో కాట్జ్, కాటలానో అనే ఇద్దరు వైద్యులు 100 మంది రోగుల్లో చూస్తే ముగ్గురిలో ఇలా రెండు మొదళ్లు కనిపించాయి. ఒక మొదలు దొరికింది కదా అని సర్జన్ ధైర్యంగా ముందుకు వెళ్తే రెండోది కత్తి కింద పడే ప్రమాదం ఉంది. గ్రంథిలోంచి వెళ్లే ఒక పెద్ద సిర ఉంటుంది. సాధారణంగా నరం దాని మీదుగా వెళ్తుంది. కొందరిలో సిర కిందుగా దూరుతుంది. అలాంటప్పుడు సిరను నమ్ముకుని కట్ చేస్తే నరానికే ఎసరు.

ఈ రకాల్లో ఎవరిది ఏ రకమో ఆపరేషన్‌కు ముందు తెలుస్తుందా అంటే, మామూలు స్కాన్లలో తెలియదు. అల్ట్రాసౌండ్‌లో, ఎమ్మారైలో గడ్డ ఎంత ఉందో, పై భాగంలో ఉందో లోపలికి దిగిందో బాగా కనిపిస్తుంది. దారం పోగుల్లాంటి నరం కొమ్మలు మాత్రం సాధారణంగా స్పష్టంగా పడవు. డాక్టర్లు సిర ఎక్కడుందో చూసి నరం ఎక్కడ ఉండొచ్చో అంచనా వేసుకుంటారు. అసలు సంగతి తెరిచి చూశాకే.

మరి సర్జన్ ఎలా వెతుకుతారు?

గడ్డ ఊరికే కదిలేదే అయినా, ముందు గడ్డను ముట్టుకోరు. ముందు నరాన్ని పట్టుకుంటారు. నరం ఎముకలోంచి బయటపడే చోటు పెద్దగా మారదు, కొమ్మలు మారతాయి కానీ మొదలు దాదాపు అక్కడే ఉంటుంది. అందుకే సర్జన్లకు అది నమ్మకమైన చోటు. దానికి కొన్ని గుర్తులున్నాయి. చెవి రంధ్రం ముందు మెత్తటి ఎముక కొస లోపలికి చూపుడు వేలులా చూపిస్తుంది, నరం దానికి సుమారు ఒక సెంటీమీటరు లోతులో, కాస్త కిందుగా ఉంటుంది. చెవి వెనక ఎముకలో ఒక అతుకు గీత ఉంటుంది, దాన్నే పట్టుకుని లోపలికి వెళ్తే 6 నుంచి 8 మిల్లీమీటర్లలో నరం తగులుతుంది. దవడ కింద నుంచి వచ్చే ఒక కండరం పై అంచు ఇంకో గుర్తు. ఏ ఒక్కదాన్నీ గుడ్డిగా నమ్మరు, రెండు మూడింటితో సరిచూసుకుంటారు.

గడ్డ పెద్దదై మొదలు మీదే కూర్చుంటే దారి మార్చాలి. అప్పుడు ముఖం వైపు నుంచి ఒక కొమ్మను పట్టుకుని వెనక్కి నడుస్తారు. కాల్వ పట్టుకుని తూము దాకా వెళ్లినట్టు. చిన్న పిల్లల్లో మరీ జాగ్రత్త కావాలి, చెవి వెనక ఎముక ఇంకా పూర్తిగా ఎదగదు కాబట్టి నరం చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఆపరేషన్ థియేటర్‌లో ఇంకో సంగతి గమనించదగ్గది. మిగతా ఆపరేషన్లలో మత్తు డాక్టర్ కండరాలు కదలకుండా చాలాసేపు ఉండే మందు ఇస్తారు. ఇక్కడ అలా ఇవ్వకుండా చూస్తారు. నరానికి ఏ మాత్రం తాకినా ముఖం అదరాలి, ఆ అదురు కనపడాలి. అందుకే ఆ వైపు ముఖాన్ని పూర్తిగా కప్పేయరు. చాలా చోట్ల ఇప్పుడు నర్వ్ మానిటర్ వాడుతున్నారు. కంటి దగ్గర, పెదవి దగ్గర సన్నని సూదులు పెడితే నరం తాకగానే మెషిన్ శబ్దం చేస్తుంది. మంచి సాయమే. కానీ మెషిన్ ఉంది కదా అని గుర్తులు తెలియని చెయ్యి పనికిరాదు. మానిటర్ లేకుండా దశాబ్దాల పాటు ఈ ఆపరేషన్లు చేసిన సర్జన్లు ఉన్నారు. రోగి అడగాల్సిన మొదటి ప్రశ్న మెషిన్ గురించి కాదు, 'డాక్టర్ గారూ, పెరోటిడ్ ఆపరేషన్లు మీరు తరచుగా చేస్తారా?' అని.

దవడ కింద గ్రంథికైతే?

దవడ కింద ఉండే గ్రంథిలో ఎక్కువగా వచ్చేది రాయి. లాలాజల గ్రంథుల్లో వచ్చే రాళ్లలో సుమారు 80 శాతం ఇక్కడివే. అన్నం తినేటప్పుడు దవడ కింద ఉబ్బి, నొప్పి పెట్టి, తర్వాత మెల్లగా తగ్గితే రాయిని అనుమానిస్తారు. రాయి నోటి దారికి దగ్గరగా ఉంటే నోట్లోంచే తీసేస్తారు. గ్రంథి పాడైపోతేనే బయట నుంచి కోసి గ్రంథి మొత్తాన్ని తీస్తారు.

అక్కడ ముప్పు ఒక్క కొమ్మకే, ఆ మార్జినల్ మాండిబ్యులర్‌కే. అది దవడ ఎముకకు పైన వెళ్తుందా, కింద వెళ్తుందా? 1962లో డింగ్‌మన్, గ్రాబ్ అనే అమెరికా సర్జన్లు 100 ముఖార్ధాలు చూశారు. దవడ మీదుగా వెళ్లే ధమనికి వెనక వైపున, 81 శాతంలో ఎముక అంచుకు పైనే ఉంది. 19 శాతంలో అంచు కిందికి దిగింది, అదీ ఒక సెంటీమీటరు లోపే. 1979లో బేకర్, కాన్లీ మాత్రం ప్రాణమున్న మనుషుల్లో చూస్తే ఇంకా కిందుగా ఉంటోందని రాశారు, వయసు పైబడి చర్మం వదులైన వాళ్లలో మరీ. శవాన్ని కోసి చూడటానికి, టేబుల్ మీద మెడ వెనక్కి వంచి పడుకోబెట్టిన మనిషిని చూడటానికి ఆ మాత్రం తేడా ఉంటుంది మరి. అందుకే సర్జన్లు లెక్కలతో పేచీ పెట్టుకోకుండా, దవడ అంచుకు రెండు వేళ్లు కిందుగానే కోత పెడతారు. దవడ మీదే కోత పెడితే మచ్చ కనపడదు కదా అని అడిగేవాళ్లకు సమాధానం ఇదీ.

ఊళ్లోనే కోయించుకుంటే..

పెద్దారవీడు నుంచి ఒంగోలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. పని మానుకోవాలి, తోడు ఒకరు రావాలి, ఖర్చులుంటాయి. దాంతో 'చిన్న గడ్డే కదా, ఇక్కడే తీసేస్తా' అనే మాటకు కొందరు సరే అంటారు. నాటు వైద్యంలో వాతలు పెట్టించుకునేవాళ్లు, చీము గడ్డ అనుకుని కోయించుకునేవాళ్లు కూడా ఉంటారు. చెవి కింద గడ్డ విషయంలో ఇది రెండు విధాలుగా దెబ్బ.

ఒకటి, నరం. అది ఎక్కడుందో చూడకుండా పెట్టే ఏ కోతైనా అదృష్టం మీద నడిచేదే. రెండోది చాలామందికి తెలియదు. ప్లియోమార్ఫిక్ అడినోమా చుట్టూ ఉండే పొర చాలా పల్చన. గడ్డను ఊరికే గోలీలా పట్టి లాగేస్తే ఆ పొర చిరిగి, కణాలు చుట్టూ చిందుతాయి. అలా తీసినవాటిలో నూటికి 20 మందికి పైగా మళ్లీ గడ్డలు వచ్చినట్టు పాత లెక్కలు ఉన్నాయి. అదే చుట్టూ కాస్త మంచి గ్రంథితో కలిపి తీస్తే నూటికి నాలుగైదుకు మించవు. మళ్లీ వచ్చేటప్పుడు ఒక్కటిగా రాదు, జొన్న గింజల్లా పదీ పదిహేను చోట్ల వస్తుంది. అప్పటికి పాత కోత మచ్చలో నరం అతుక్కుపోయి ఉంటుంది. రెండోసారి ఆపరేషన్‌లో మూతి వంకర ముప్పు మొదటిసారి కంటే చాలా ఎక్కువ.

డాక్టర్ సన్నటి సూదితో గడ్డలోంచి కాస్త నీరు లాగి పరీక్షకు పంపడం మాత్రం వేరు. దాన్ని ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. 'సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది' అనే మాట ఊళ్లలో గట్టిగా ఉంది. ఆ సన్నటి సూదితో అలా పాకడం చాలా అరుదు. అది చేయించుకోకుండా టేబుల్ ఎక్కడమే అసలు పొరపాటు.

ఒక గుర్తు మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. ఆపరేషన్ ఏదీ జరగకముందే, గడ్డ ఉన్న వైపు మూతి వంకర పోవడమో, కన్ను మూతపడకపోవడమో మొదలైతే అది క్యాన్సర్ గడ్డ నరంలోకి పాకిందనే అనుమానానికి బలమైన కారణం. గడ్డ ఉన్నట్టుండి వేగంగా పెరగడం, నొప్పి పెట్టడం, మెడలో ఇంకో బిళ్ల తగలడం కూడా అంతే. క్యాన్సర్ నరాన్ని పట్టేసి ఉంటే ఆ ముక్కను తీసేయక తప్పదు. అప్పుడు చెవి దగ్గరి నరమో, కాలి పిక్క నరమో తెచ్చి అతికే పద్ధతి ఉంది.

ఆపరేషన్ తర్వాత వంకర వస్తే?

నరం తెగకపోయినా, దాన్ని పక్కకు జరిపినప్పుడు, లాగినప్పుడు కొన్నాళ్లు మొద్దుబారుతుంది. కాలు మీద కూర్చుంటే తిమ్మిరెక్కినట్టు, కాకపోతే ఇది వారాల పాటు ఉంటుంది. క్యాన్సర్ కాని గడ్డకు మొదటిసారి చేసే ఆపరేషన్లలో ఇలాంటి తాత్కాలిక బలహీనత నూటికి 20 నుంచి 40 మందికి వస్తుందని చాలా అధ్యయనాల లెక్క. ఎక్కువమందిలో ఆరు నెలల్లోపు సర్దుకుంటుంది. శాశ్వతంగా ఉండిపోయేది నూటికి ఐదుగురి లోపే, అనుభవం ఉన్న చేతుల్లో ఇంకా తక్కువ. 'ఫలానా వాళ్లకు మూతి వంకర పోయింది' అని ఊళ్లో చెప్పుకునే కథల్లో చాలావరకు ఈ మొదటి రకమే అయి ఉండొచ్చు. ఆపరేషన్ అయిన వారానికి చూసినవాళ్లు చెబుతారు, ఆరు నెలల తర్వాత ముఖం మామూలైన సంగతి ఎవరూ చెప్పుకోరు.

తమ్మె మొద్దుబారడం ఇంకోటి. చెవికి స్పర్శ ఇచ్చే నరం ఆ కోతకు అడ్డంగా ఉంటుంది, దాన్ని ఒక్కోసారి కాపాడలేరు. ఆడవాళ్లకు కమ్మలు పెట్టుకునేటప్పుడు తెలుస్తుంది. చాలామందిలో క్రమంగా తగ్గుతుంది.

కొందరిలో నెలల తర్వాత ఓ వింత మొదలవుతుంది. అన్నం తింటుంటే చెవి ముందు చర్మం ఎర్రబడి చెమట కారుతుంది. కోతలో తెగిన లాలాజలం పోగులు దారి తప్పి చెమట గ్రంథులకు అతుక్కోవడమే కారణం. నోట్లో ఊరాల్సింది బుగ్గ మీద ఊరుతుందన్నమాట. దీన్ని 1923లో వివరంగా రాసింది పోలెండ్ నరాల వైద్యురాలు లూసియా ఫ్రే. యూదురాలైన ఆమె 1942లో నాజీల చేతిలో ల్వూఫ్ ఘెట్టోలో చనిపోయారు. జబ్బు మాత్రం ఆమె పేరుతోనే ఉంది, ఫ్రే సిండ్రోమ్. ప్రాణానికి ప్రమాదం లేదు. ఇబ్బంది ఎక్కువైతే బొటాక్స్ ఇంజెక్షన్‌తో నెలల పాటు తగ్గుతుంది.

ఎక్కడ చూపించుకోవాలి? ఖర్చు సంగతేంటి?

మొదట దగ్గర్లోని పీహెచ్‌సీలోనో, మార్కాపురం ప్రభుత్వ ఆస్పత్రిలోనో చూపించుకుని, అల్ట్రాసౌండ్, సూది పరీక్ష ఎక్కడ చేస్తారో అడగాలి. ఆపరేషన్‌కు ఈఎన్‌టీ, జనరల్ సర్జరీ, క్యాన్సర్ సర్జరీ విభాగాలున్న పెద్దాసుపత్రులు కావాలి. ఒంగోలు జీజీహెచ్, గుంటూరు జీజీహెచ్ ఈ ప్రాంతానికి దగ్గరివి. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకు గుంటూరుకు రైలు సౌకర్యం కూడా ఉంది.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఏపీలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో పెరోటిడ్ గ్రంథి ఆపరేషన్లు ఉన్నాయి. ఏ ఆస్పత్రిలో ఏది వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్ర డెస్క్‌లో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు అన్నీ వెంట పెట్టుకోవాలి. ముఖ్యంగా ఎప్పుడైనా ఊళ్లో కోత పెట్టించుకుని ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పాలి. మొహమాటపడి దాస్తే సర్జన్ నరం మామూలు చోటే ఉందనుకుని మొదలుపెడతారు.

ఇంటికి వచ్చాక కన్ను పూర్తిగా మూతపడకపోతే ముందు చూసుకోవాల్సింది మూతిని కాదు, కంటిని. నల్లగుడ్డు ఎండిపోతే పుండు పడుతుంది, చూపు దెబ్బతింటుంది. డాక్టర్ రాసిచ్చిన చుక్కలు పగలు వేసుకుంటూ, రాత్రి ఆయింట్‌మెంట్ రాసి, రెప్ప మూసి టేప్ అతికించి పడుకోవాలి. పొలం వెళ్లినా, బండి మీద తిరిగినా కళ్లజోడు ఉండాలి. కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించుకోవాలి.